హీప్ పెంచే ముందు లైవ్ సెట్ ఎంతో చూడండి

ఈమధ్య ఒక టీమ్ వాళ్ళు తమ జావా సర్వర్ స్టార్టప్ స్క్రిప్టు ఒకసారి చూసిపెట్టమని పంపారు. సర్వీసు ఉన్నట్టుండి కొన్ని సెకన్లపాటు ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోతోందట. హీప్ (జావా ప్రోగ్రాము తన ఆబ్జెక్టుల్ని పెట్టుకునే మెమరీ) 8 జీబీ నుంచి 16కి పెంచినా తగ్గలేదు, ఇంకా ఏమేం ఫ్లాగులు (స్టార్టప్‌లో ఇచ్చే సెట్టింగులు) పెట్టాలో చెప్పమని అడిగారు. తెరిచి చూస్తే అప్పటికే తెరనిండా ఫ్లాగులే. మ్యాక్స్‌పర్మ్‌సైజ్ ఉంది. అది పర్మ్‌జెన్ అనే మెమరీ భాగానికి పైహద్దు పెట్టేది, ఆ పర్మ్‌జెన్ 2014లో జావా 8తోనే పోయింది. సీఎంఎస్ అనే పాత కలెక్టరుకి (పనైపోయిన ఆబ్జెక్టుల్ని మెమరీలోంచి ఊడ్చే భాగం, ఆ ఊడుపునే జీసీ అంటారు) సంబంధించినవి కొన్ని ఉన్నాయి. సీఎంఎస్‌ని 2020లో జేడీకే (జావా కిట్టు) 14 నుంచి తీసేశారు. ఈ సర్వర్ నడుస్తున్నదేమో జేడీకే 17 మీద. ఇలాంటి పాత పేర్లు కనపడితే జేవీఎం (జావా ప్రోగ్రాముని నడిపే ఇంజను) ఎర్రర్ ఇచ్చి ఆగిపోవాలి, మరి ఇదెలా లేస్తోందా అని వెతికితే వరసలో మొట్టమొదటి ఫ్లాగు 'ఇగ్నోర్ అన్‌రికగ్నైజ్డ్ వీఎం ఆప్షన్స్'. నీకు తెలియనివి ఏమున్నా పట్టించుకోకు అని జేవీఎంకి చెప్పడమది. అప్‌గ్రేడ్ చేసిన రోజున సర్వర్ లేవలేదు, ఏ ఫ్లాగు ఎందుకుందో చెప్పగలిగినవాళ్ళు టీమ్‌లో మిగల్లేదు, దాంతో ఇదొకటి తగిలించి లేపేశారు.

దానివల్ల జరిగిన అసలు నష్టం ఇంకో చోట ఉంది. మెమరీ చాలక పడిపోయినప్పుడు హీప్ డంప్ (ఆ క్షణాన హీప్‌లో ఉన్నదాని నకలు) తీసి పెట్టమని చెప్పే ఫ్లాగు కూడా ఆ స్క్రిప్టులో ఉంది. కానీ పేరులో ఒక అక్షరం తప్పు. మామూలుగా జేవీఎం ఇలాంటి తప్పుని అక్కడికక్కడే పట్టుకుంటుంది, మీరు అనుకున్నది ఇదేనా అంటూ సరైన పేరు కూడా చూపిస్తుంది. ఆ నోరు నొక్కేశారు కాబట్టి తప్పు అలాగే ఉండిపోయింది. సర్వర్ పడిపోయిన ప్రతిసారీ డంప్ కోసం వెతకడం, దొరక్కపోవడం, డిస్కు నిండిపోయి ఉంటుందిలే అనుకోవడం వాళ్ళకి అలవాటైపోయింది.

ఇలాంటి స్క్రిప్టులు చూసీ చూసీ నాకు ఒక అభిప్రాయం గట్టిపడింది. సర్వర్ జేవీఎంకి మనం కూర్చుని ఆలోచించి ఇవ్వాల్సిన సంఖ్య చాలావరకు ఒకటే, హీప్ సైజు. అది కూడా లైవ్ సెట్ (చెత్త ఊడ్చాక ఇంకా వాడుకలో మిగిలే మెమరీ) ఎంతో కొలిచాక ఇవ్వాల్సింది. మిగతా ఏ ఫ్లాగైనా సరే, ఎందుకుందో పక్కన ఒక్క వాక్యం రాసి ఉంటే ఉంచాలి, లేకపోతే తీసెయ్యాలి. దీనికి ఎదురు చెప్పేవాళ్ళ మాటల్లోనూ బలం ఉంది, వాటికీ వస్తాను.

గ్రాఫు అడుగు భాగం

హీప్ గ్రాఫు రంపం పళ్ళలా ఉంటుందని జావా సర్వర్లు నడిపేవాళ్ళందరికీ తెలుసు. అయినా మన కళ్ళు ముందు పళ్ళ కొనల మీదికే పోతాయి. హీప్ 85 శాతం దాటితే ఫోన్ మోగేలా అలర్టు పెట్టిన చోట్లు నేను చాలా చూశాను. 85 శాతం నిండడం జబ్బేమీ కాదు. జేవీఎం ఉన్న చోటంతా వాడుకుని, అప్పుడు ఊడుస్తుంది. చోటుండగా ముందే ఊడిస్తే సీపీయూ దండగ. అంటే ఆరోగ్యంగా ఉన్న సర్వర్ కూడా రోజంతా ఆ గీత దాటుతూ దిగుతూనే ఉంటుంది. అలాంటి అలర్టుకి అర్ధరాత్రి లేచినవాళ్ళు కొన్నాళ్ళకి దాన్ని మ్యూట్ చేస్తారు. తర్వాత నిజంగా లీక్ (అక్కర్లేని ఆబ్జెక్టులు విడుదల కాకుండా పేరుకుపోవడం) వచ్చినప్పుడు చెప్పేవాళ్ళుండరు.

మనకి కావాల్సింది ఊడ్చాక ఏం మిగిలిందన్నది. అదే లైవ్ సెట్. జీసీ లాగులో ఒక లైను తీసుకుందాం: 'పాజ్ యంగ్, 3120ఎం నుంచి 840ఎం, మొత్తం 4096ఎం, 18.4 మిల్లీసెకన్లు'. ఇందులో చాలామంది చివరి అంకె చూస్తారు. నేను ముందు 840 చూస్తాను. అయితే అదొక్కటే చూసి లైవ్ సెట్ 840 ఎంబీ అనుకోకూడదు, ఎందుకంటే యంగ్ జీసీ కొత్త ఆబ్జెక్టులున్న భాగాన్నే ఊడుస్తుంది. చాన్నాళ్ళు బతికిన ఆబ్జెక్టులుండే ఓల్డ్ భాగంలో చచ్చిపడున్నవి కూడా ఆ 840లో ఉండొచ్చు. జీ1 అనే కలెక్టరు అయితే మార్కింగ్ (ఏవి బతికున్నాయో గుర్తుపెట్టుకోవడం) పూర్తయ్యి, మిక్స్‌డ్ కలెక్షన్లు (యంగ్‌తోపాటు ఓల్డ్‌లో కొంత ఊడ్చేవి) కొన్ని జరిగాక కనపడే అతి తక్కువ అంకెని పట్టుకోవాలి. ఫుల్ జీసీ (హీప్ మొత్తం ఊడ్చడం) జరిగుంటే దాని తర్వాతి అంకె ఇంకా కచ్చితం. జేసీఎండీ అనే జావా పనిముట్టుతో క్లాస్ హిస్టోగ్రామ్ (ఏ రకం ఆబ్జెక్టులు ఎన్నున్నాయన్న పట్టిక) అడిగితే అది తనంతట తానే ఫుల్ జీసీ చేయించి మరీ లెక్కిస్తుంది. పనిలో ఉన్న సర్వర్ మీద అది అడిగితే ఆ కాసేపూ అందరూ ఆగిపోతారన్న సంగతి గుర్తుంచుకుని అడగండి.

ఈ అంకెని రద్దీ బాగా ఉన్న పూట చూడాలి. ఒక వారంపాటు చూస్తే ఇంకా నయం. ఆ అడుగు గీత చదునుగా పోతుంటే లీక్ లేనట్టు. రోజురోజుకీ పైకి పాకుతుంటే మీ సమస్య ట్యూనింగ్‌ది కాదు, కోడ్‌ది. అక్కడ హీప్ ఎంత పెంచినా పడిపోయే రోజు వాయిదా పడుతుందంతే.

గీత చదునుగా ఉండి, లైవ్ సెట్ దాదాపు 1 జీబీ అని తేలిందనుకోండి, 3 నుంచి 4 జీబీ హీప్‌తో మొదలుపెడతాను. లైవ్ సెట్‌కి మూడు నాలుగు రెట్లు అన్న ఈ లెక్క చాలాకాలంగా వాడుకలో ఉన్నదే, నేను కనిపెట్టింది కాదు. దీని వెనక కారణం మాత్రం తెలుసుకోవాల్సింది. ఆబ్జెక్టుల్ని ఒక చోటు నుంచి ఇంకో చోటుకి కాపీ చేసే కలెక్టరుకి పని బతికున్నవాటితోనే, చెత్తతో కాదు. చెత్త ఎంతున్నా దాన్ని ముట్టుకోదు, బతికున్నవాటిని పక్కకి మార్చి ఆ చోటంతా ఖాళీ అనేస్తుంది. కాబట్టి చోటు రెట్టింపు చేస్తే ఒక్కో ఊడుపు ఖర్చు ఇంచుమించు అంతే ఉండి, ఊడుపులు సగానికి తగ్గుతాయి. కొత్త ఆబ్జెక్టుల్లో ఎక్కువభాగం పుట్టిన కాసేపటికే చస్తాయన్న గమనిక మీద డేవిడ్ అంగర్ 1984లో జనరేషన్ స్కావెంజింగ్ (కొత్తవాటిని విడిగా పెట్టి తరచు ఊడ్చే పద్ధతి) ప్రతిపాదించాడు. ఇవాళ్టికీ మనం వాడే కలెక్టర్లు ఆ నమ్మకం మీదే నిలబడి ఉన్నాయి.

లైవ్ సెట్ తర్వాత చూడాల్సింది అలొకేషన్ రేటు, అంటే సెకనుకి ఎంత మెమరీ కొత్తగా అడుగుతున్నామన్నది. ఈడెన్ (కొత్త ఆబ్జెక్టులు పుట్టే చోటు) 2 జీబీ ఉండి, సెకనుకి 500 ఎంబీ చొప్పున అడుగుతుంటే నాలుగు సెకన్లకోసారి యంగ్ జీసీ తప్పదు. దాన్ని ఎనిమిది సెకన్లు చెయ్యాలంటే ఈడెన్ రెట్టింపు చెయ్యాలి, లేదా అడిగేది సగం చెయ్యాలి. రెండో దారి గురించి ఆలోచించేవాళ్ళు తక్కువ. ఒక సర్వీసులో ప్రొఫైలర్ (ఏ కోడ్ ఎంత మెమరీ అడుగుతోందో చూపే సాధనం) పెట్టి చూస్తే పెద్ద వాటా డీబగ్ లాగింగ్‌ది. ప్రొడక్షన్‌లో డీబగ్ ఆపేసే ఉంది, కానీ లాగ్ చేసే చోట స్ట్రింగులు ప్లస్ గుర్తుతో అతికించి పంపుతున్నారు. రాసినా రాయకపోయినా ఆ స్ట్రింగ్ తయారవుతుంది, వెంటనే చెత్తలో పడుతుంది. రిక్వెస్టు మొత్తాన్నీ జేసన్‌గా మార్చి మరీ అతికించారు. ఆ కాసిని లైన్లు మారిస్తే జీసీ ఎంత కుదుటపడిందంటే, అప్పటిదాకా చర్చలో ఉన్న ఫ్లాగుల జాబితా ఆ తర్వాత ఎవరూ తెరవలేదు.

హీప్ తగ్గిస్తే బాగుపడ్డ సర్వర్

మొదట చెప్పిన సర్వర్ సంగతి. జీసీ లాగులో ప్రతి పాజ్ కిందా మూడు కాలాలుంటాయి: యూజర్, సిస్, రియల్. జీసీ పని చాలా థ్రెడ్లు పంచుకుంటాయి కాబట్టి వాటి సీపీయూ కాలం కలిపితే వచ్చే యూజర్ ఎక్కువగానూ, గోడ గడియారంతో కొలిచే రియల్ తక్కువగానూ ఉండడం సహజం. వాళ్ళ లాగులో ఆగిపోయిన చోట్ల తిరగబడి ఉంది. యూజర్ అర సెకను కూడా లేదు, రియల్ ఆరేడు సెకన్లు. అంటే జీసీ పని చెయ్యలేదు, దేనికోసమో కూర్చుంది. ఇలా కనపడితే అనుమానించాల్సినవి కొన్నే: సీపీయూ దొరక్కపోవడం, డిస్కు మీద రాత ఇరుక్కోవడం, లేదా స్వాప్ (ర్యామ్ చాలక మెమరీలో కొంత డిస్కు మీదికి పోవడం).

ఇక్కడ స్వాప్. అదే మెషీన్ మీద ఇంకో రెండు పెద్ద ప్రాసెస్‌లున్నాయి. మామూలు ప్రోగ్రాము మెమరీలో కొంత స్వాప్‌కి పోయినా పెద్దగా తెలియదు, ముట్టుకున్నప్పుడు తెచ్చుకుంటుంది. జీసీ అలా కాదు, చాన్నాళ్ళుగా ఎవరూ ముట్టని పేజీల్లోకి కూడా వెళ్ళి చూసి వస్తుంది. డిస్కు మీద ఉన్నవాటిని ఒక్కొక్కటే లాక్కురావాలి, అంతసేపూ అప్లికేషన్ ఆగి ఉంటుంది. హీప్ 8 నుంచి 16 చెయ్యడం వల్ల స్వాప్‌కి పోయే భాగం ఇంకా పెరిగింది. లైవ్ సెట్ చూస్తే 1.3 జీబీ చుట్టూ తిరుగుతోంది. హీప్ 5 జీబీకి దించి, పాత ఫ్లాగులన్నీ తీసేసి, జీ1ని దాని మానాన వదిలేశాం. ఆ సెకన్ల పాజ్‌లు పోయాయి. 'ఫ్లాగులు చెప్పమంటే ఉన్నవి కూడా తీసేశారేంటండీ' అని టీమ్‌లో ఒకమ్మాయి అడిగింది. జీ1 అనేది 2017లో జేడీకే 9 నుంచి డిఫాల్టు. దాన్ని రాసినవాళ్ళు ఆ డిఫాల్టుల మీద పెట్టినంత శ్రమ మనం మన స్క్రిప్టు మీద పెట్టలేదు అని చెప్పాను. ఆ మాట ఇప్పటికీ అంటాను.

32 జీబీ గీత

హీప్ ఎక్కువైతే నష్టమేముంది, మెమరీ ఉంది కదా అనేవాళ్ళకి ఇంకో సంగతి చెప్పాలి. 64 బిట్ జేవీఎంలో ఒక ఆబ్జెక్టు ఇంకోదాన్ని చూపించే రిఫరెన్సుకి 8 బైట్లు కావాలి. కానీ ఆబ్జెక్టులన్నీ 8 బైట్ల హద్దుల మీదే మొదలవుతాయి కాబట్టి, చిరునామాకి బదులు ఎన్నో హద్దో రాసుకుంటే 4 బైట్లు సరిపోతాయి. 32 బిట్లతో లెక్కపెట్టగలిగే హద్దులు, ఒక్కో హద్దు 8 బైట్లు, మొత్తం 32 జీబీ. హీప్ దానికి లోపుంటే జేవీఎం తనంతట తానే ఈ కుదింపు వాడుకుంటుంది. దాటితే ప్రతి రిఫరెన్సూ 8 బైట్లవుతుంది. 31 జీబీలో సుఖంగా ఉన్న సర్వర్‌ని 34కి పెంచితే, అదే డేటా ఎక్కువ చోటు తింటుంది, సీపీయూ క్యాష్‌లో తక్కువ పడుతుంది. మూడు జీబీలు ఇచ్చి ఉన్నది కూడా పోగొట్టుకున్నట్టు. ఎంత దాటితే మళ్ళీ లాభంలోకి వస్తామన్నది డేటాలో రిఫరెన్సులు ఎన్నున్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. చిన్న చిన్న ఆబ్జెక్టుల మ్యాపులు ఎక్కువుంటే చాలా దూరం పోవాలి, పెద్ద బైట్ అర్రేలైతే ఈ గీత పెద్దగా పట్టదు.

పాజ్‌లు చాలా చిన్నవిగా ఉంచే జడ్‌జీసీ అనే కలెక్టరుకి ఈ లెక్క వర్తించదు. అది రిఫరెన్సులోనే కొన్ని బిట్లు తన పనికి వాడుకుంటుంది కాబట్టి ఈ కుదింపు దానికి ఎప్పుడూ లేదు. 20 జీబీ హీప్‌తో జీ1 నుంచి జడ్‌జీసీకి మారి, హీప్ అంతే ఉంచితే మెమరీ చాలట్లేదేమిటని ఆశ్చర్యపోకూడదు.

హీప్ బయట

కంటెయినర్లు (సీపీయూకి, మెమరీకి హద్దులు పెట్టి సర్వీసుని విడిగా నడిపే పెట్టెలు) వచ్చాక ఈ విషయం మీద అయోమయం ఎక్కువైంది. కంటెయినర్ లిమిట్ 2 జీబీ, ఎక్స్‌ఎంఎక్స్ (హీప్ పైహద్దు) కూడా 2 జీబీ, ఇలా పెట్టినవి ఇప్పటికీ కనపడుతున్నాయి. కొన్ని గంటలు బాగానే నడిచి, హఠాత్తుగా కంటెయినర్ మాయమవుతుంది. ఎగ్జిట్ కోడ్ 137. జావా లాగులో ఔట్ ఆఫ్ మెమరీ అన్న మాటే ఉండదు, హీప్ డంప్ ఉండదు. చంపింది ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్, జేవీఎంకి చెప్పుకునే అవకాశం కూడా ఇవ్వలేదు. 137 అంటే 128కి తొమ్మిదో సిగ్నల్ (ప్రాసెస్‌ని చంపేది) కలిపితే వచ్చే సంఖ్య.

హీప్ అనేది జేవీఎం మెమరీలో ఒక భాగం. క్లాసుల వివరాలుండే మెటాస్పేస్ బయట ఉంటుంది, దానికి డిఫాల్టుగా పైహద్దు లేదు. జిట్ (నడుస్తుండగానే జావా కోడ్‌ని మెషీన్ కోడ్‌గా మార్చే భాగం) తయారుచేసిన కోడ్ కోసం కోడ్ క్యాష్ ఉంటుంది, 240 ఎంబీ దాకా పోవచ్చు. ఒక్కో థ్రెడ్డుకీ 64 బిట్ లైనక్స్ మీద 1 ఎంబీ స్టాక్ కేటాయిస్తుంది, వాడినంత మేరకే నిజంగా మెమరీ పడుతుంది. నెట్టీ లాంటి నెట్‌వర్క్ లైబ్రరీలు వాడితే డైరెక్ట్ బఫర్లు (హీప్ బయట డేటా పెట్టుకునే చోట్లు). జీసీ తన లెక్కలు రాసుకునే చోటు. ఇవన్నీ కాక, నేటివ్ మెమరీ (హీప్ బయటిది) కోసం జీలిబ్‌సీ అనే లైనక్స్ సీ లైబ్రరీ పెట్టుకునే అరీనాలు (మెమరీ నిల్వలు). కోర్లు ఎక్కువున్న మెషీన్ మీద ఈ అరీనాలు ఒక్కో కోరుకి ఎనిమిది దాకా పెరగొచ్చు. ఎక్కడా లీక్ లేకపోయినా ప్రాసెస్ సైజు మెల్లగా పెరుగుతూ పోతుంటే నేను మొదట చూసేది అక్కడే. మ్యాలక్ అరీనా మ్యాక్స్ అన్న ఎన్విరాన్మెంట్ వేరియబుల్‌ని రెండుకో నాలుగుకో కట్టేస్తే చాలాసార్లు పెరుగుదల ఆగుతుంది.

ఏది ఎంత తింటోందో తెలుసుకోవడానికి జేవీఎంలోనే నేటివ్ మెమరీ ట్రాకింగ్ ఉంది. 5 నుంచి 10 శాతం దాకా వేగం తగ్గొచ్చు, కాబట్టి టెస్ట్ సర్వర్ మీద రద్దీ పెట్టి ఒకసారి కొలిచి ఆపెయ్యొచ్చు. అరీనాల్లో ముక్కలు ముక్కలుగా వృథా అయ్యేది అందులో కనపడదు. ట్రాకింగ్ చూపించే మొత్తానికీ, ఆపరేటింగ్ సిస్టమ్ చూపించే మొత్తానికీ మధ్య తేడా పెద్దగా ఉంటే అనుమానం అటు మళ్ళాలి.

మ్యాక్స్‌ర్యామ్‌పర్సంటేజ్ (మెమరీలో ఎంత శాతం హీప్‌కి ఇవ్వాలో చెప్పే ఫ్లాగు) గురించి నాకొక పేచీ ఉంది. డిఫాల్టు 25 శాతం. కంటెయినర్‌కి 4 జీబీ ఇస్తే హీప్ 1 జీబీయే, మిగతా మూడూ చాలావరకు ఖాళీగా పడుంటాయి. అది చూసి అందరూ 75 అని పెడుతున్నారు. 1 జీబీ కంటెయినర్‌లో 75 శాతం పోతే మిగిలేది 256 ఎంబీ, మెటాస్పేస్, కోడ్ క్యాష్, రెండు వందల థ్రెడ్లున్న సర్వర్‌కి అది ఇరుకు. 16 జీబీ కంటెయినర్‌లో అదే 75 శాతం 4 జీబీ వదిలేస్తుంది, అంత అక్కర్లేదు. హీప్ బయటి ఖర్చు హీప్‌తోపాటు అదే నిష్పత్తిలో పెరగదు, అందుకే శాతం అన్న కొలతే ఇక్కడ నప్పదు. హీప్ ఇంత, బయట ఇంత అని విడివిడిగా కొలిచి, కూడి, కొంచెం ఊపిరాడే చోటు వదిలి లిమిట్ పెట్టడమే నాకు నచ్చిన పద్ధతి. ఒకే ఇమేజ్‌ని రకరకాల సైజుల్లో నడిపే ప్లాట్‌ఫామ్ టీముల ఇబ్బంది నాకు తెలుసు. వాళ్ళకి శాతమే దిక్కు. అక్కడైనా అన్నిటికీ ఒకే శాతం కాకుండా, చిన్న కంటెయినర్లకి తక్కువ, పెద్దవాటికి ఎక్కువ ఇవ్వాలి.

సీపీయూ సంగతి ఇంకా తక్కువమంది చూస్తారు. రెండు సీపీయూలకన్నా తక్కువ, లేదా దాదాపు 1.8 జీబీ కన్నా తక్కువ మెమరీ ఇస్తే, జేడీకే 17, 21 లాంటివి జీ1ని పక్కనపెట్టి సీరియల్ జీసీ (ఒకే థ్రెడ్డుతో ఊడ్చే కలెక్టరు) ఎంచుకుంటాయి. డెవలపర్ మెషీన్ మీద జీ1, ప్రొడక్షన్‌లో సీరియల్. లోడ్ టెస్టు ఒక కలెక్టరు మీద చేసి ఇంకో కలెక్టరు మీద జనాన్ని వదిలినట్టవుతుంది. జీసీ లాగు మొదట్లోనే 'యూజింగ్ సీరియల్' అనో 'యూజింగ్ జీ1' అనో రాసి ఉంటుంది, అది చదవడానికి క్షణం పట్టదు. ఇంకో రకం కూడా చూశాను: పెద్ద మెషీన్ నాటి పారలల్ జీసీ థ్రెడ్స్ 16 అన్న ఫ్లాగు, రెండు సీపీయూల కంటెయినర్‌లోకి అలాగే వచ్చేసింది. డిఫాల్టు సీపీయూ కోటా 100 మిల్లీసెకన్లకోసారి నిండుతుంది. రెండు సీపీయూలంటే ఆ వ్యవధిలో 200 మిల్లీసెకన్ల సీపీయూ కాలం. పదహారు థ్రెడ్లు ఒక్కసారిగా లేస్తే 12.5 మిల్లీసెకన్లలో కోటా అయిపోతుంది, మిగతా 87.5 మిల్లీసెకన్లు జీసీ, అప్లికేషన్ రెండూ ఆగి ఉంటాయి. ఆ ఫ్లాగు తీసేస్తే జేవీఎం తనకెన్ని సీపీయూలున్నాయో చూసుకుని సరిగ్గానే లెక్కేసుకుంటుంది.

ఎదుటివైపు మాట

ఇంతకీ ఫ్లాగులన్నీ దండగ అంటున్నానా? లేదు. కారణం ఉన్న ఫ్లాగు ఎంత మేలు చేస్తుందో చూశాను. ఒక సర్వీసు ఒక్కో జవాబుకీ 3 ఎంబీ దాకా ఉండే బైట్ అర్రే తయారుచేసేది. హీప్ 4 జీబీ. జీ1 హీప్‌ని ఇంచుమించు 2048 రీజియన్లుగా కోసుకుంటుంది కాబట్టి ఒక్కో రీజియన్ 2 ఎంబీ. రీజియన్‌లో సగం, అంతకన్నా ఎక్కువ ఉన్న ఏ ఆబ్జెక్టైనా హ్యూమంగస్ కిందికి వస్తుంది. దానికి మామూలు దారి లేదు, వరసగా ఉన్న ఖాళీ రీజియన్లు వెతికి నేరుగా ఓల్డ్‌లో పెట్టాలి. 3 ఎంబీకి రెండు రీజియన్లు పోతాయి, చివర్లో మిగిలిన చోటు ఎవరికీ పనికిరాదు. హీప్ సగం కూడా నిండకుండానే లాగులో 'జీ1 హ్యూమంగస్ అలొకేషన్' అన్న కారణంతో మార్కింగ్ మొదలవుతోంది, రద్దీలో ఫుల్ జీసీ దాకా పోతోంది. రీజియన్ సైజు 8 ఎంబీ చేస్తే సగం అంటే 4, ఆ అర్రేలు మామూలు ఆబ్జెక్టుల్లో కలిసిపోయి యంగ్‌లోనే చస్తాయి. ఆ ఒక్క ఫ్లాగుతో పని జరిగింది. పక్కన 'జవాబు బఫర్లు 3 ఎంబీ, హ్యూమంగస్ కాకుండా' అని రాసి పెట్టారు. రేపు బఫర్లని ముక్కలుగా పంపేలా కోడ్ మారిస్తే దాన్ని ఎప్పుడు తీసెయ్యొచ్చో కూడా ఆ వాక్యమే చెప్తుంది.

ఆ వాక్యం లేని ఫ్లాగు ఎంత చెరుపు చేస్తుందో కూడా చూశాను. డిజేబుల్ ఎక్స్‌ప్లిసిట్ జీసీ ఎక్కడ చూసినా ఉంటుంది. కోడ్‌లో ఎవరో సిస్టమ్ డాట్ జీసీ పిలిస్తే ఫుల్ జీసీ రాకుండా ఆపడానికది. ఆర్ఎంఐ (ఒక జావా ప్రోగ్రాము ఇంకోదాన్ని నెట్‌వర్క్ మీద పిలిచే పద్ధతి) వాడే పాత సర్వర్లలో గంటకోసారి వచ్చే ఫుల్ జీసీని తప్పించడానికి చాలామంది పెట్టుకున్నారు, అప్పుడది సబబే. కానీ డైరెక్ట్ బఫర్లకి చోటు చాలనప్పుడు జావా లైబ్రరీ కూడా అదే పిలుపు పిలుస్తుంది, వదిలేసిన బఫర్లు విడుదల కావడానికి. ఆ దారి మూసేస్తే, హీప్ తీరిగ్గా ఖాళీగా ఉండగానే డైరెక్ట్ మెమరీ చాలలేదని సర్వర్ పడిపోతుంది. అలాంటి చోట ఎక్స్‌ప్లిసిట్ జీసీ ఇన్వోక్స్ కాంకరెంట్ అన్నది మేలు, పిలుపు పనిచేస్తుంది, పాజ్ పెద్దగా ఉండదు. కారణం రాసి ఉంటే ఆర్ఎంఐ పోయిన రోజునే ఆ పాత ఫ్లాగు కూడా పోయేది.

ఒక్కో పాజ్ ఇంత దాటొద్దని చెప్పే పాజ్ టార్గెట్ విషయంలో నాకు మొదటినుంచీ ఉన్న అనుమానం ఇంకా ఉంది. జీ1లో డిఫాల్టు 200 మిల్లీసెకన్లు. దాన్ని 50కి దించితే చాలు, లేటెన్సీ (జవాబు రావడానికి పట్టే సమయం) తగ్గుతుందనుకుంటారు. అది కోరిక మాత్రమే, హామీ కాదు. ఆ కోరిక తీర్చడానికి జీ1 యంగ్‌ని కుదించుకుంటుంది, ఊడుపులు తరచు అవుతాయి, చావాల్సిన ఆబ్జెక్టులు ఇంకా బతికుండగానే ఓల్డ్‌లోకి తోసుకొస్తాయి. దానిమీద ఎక్స్‌ఎంఎన్ కూడా పెట్టి యంగ్ సైజు బిగించేస్తే, టార్గెట్ అందుకోవడానికి జీ1 చేతిలో ఉన్న ముఖ్యమైన సాధనమే లాగేసుకున్నట్టు. నిజంగానే పాజ్‌లు ఒకటి రెండు మిల్లీసెకన్లు కూడా దాటకూడని సర్వీసు అయితే జడ్‌జీసీకి మారడమే సరైన దారి. 2020లో జేడీకే 15తో ప్రొడక్షన్‌కి పనికొస్తుందన్నారు, 2023లో జేడీకే 21లో జనరేషన్లు (యంగ్, ఓల్డ్ అన్న విభజన) కూడా వచ్చాయి. దానికి బదులుగా మెమరీలో, సీపీయూలో కొంత వదులుకోవాలి. అది ఊడుస్తుండగా అప్లికేషన్ నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఆ వ్యవధిలో పుట్టేవాటికి చోటుండాలి, లేకపోతే అలొకేషన్ స్టాల్ అని థ్రెడ్లు ఆగుతాయి. అక్కడ కూడా మనం జాగ్రత్తగా ఎంచాల్సింది హీప్ సైజే.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం వేరే ఉంది. 'మెమరీ చవక, ఇంజనీర్ల టైము ఖరీదు. కొలుస్తూ కూర్చునే బదులు రెట్టింపు చేసి వదిలెయ్యడమే లాభం కదండీ' అని ఒక సీనియర్ నాతో వాదించారు. దీన్ని తేలిగ్గా తీసిపారెయ్యలేను. అర్ధరాత్రి సర్వర్ పడుతూ లేస్తుంటే ముందు హీప్ పెంచి జనాన్ని కాపాడుకోవడమే సరైన పని, లైవ్ సెట్ మర్నాడు చూసుకోవచ్చు. నా గొడవంతా ఆ మర్నాటితోనే. ఆ పూట పెట్టిన 16 ఎందుకు 16 అయిందో ఎవరూ రాయరు. ఆర్నెల్ల తర్వాత అది ముట్టుకోకూడని సంఖ్య అవుతుంది. ఇంకో సర్వీసు పెట్టేవాళ్ళు పక్కవాళ్ళ స్క్రిప్టు కాపీ చేసుకుంటారు, 16 అక్కడికీ వెళ్తుంది. ఇక కొలవడానికి పట్టే టైము అంటారా, జీసీ లాగు ఎప్పుడూ ఆన్‌లో ఉంచితే అయ్యే ఖర్చు లెక్కలోకి రాదు, ఫైళ్ళు తిరిగేలా పెట్టుకుంటే డిస్కూ నిండదు. లాగు ఉంటే లైవ్ సెట్ చూడడం ఒక పూట పని కూడా కాదు.

ఎక్స్‌ఎంఎస్ (హీప్ మొదలయ్యే సైజు), ఎక్స్‌ఎంఎక్స్ ఒకటే ఉండాలా అన్నదాని మీద మాత్రం నేను రెండువైపులా మాట్లాడతాను. సర్వర్ ఒక్కటే ఉన్న కంటెయినర్‌లో సమానంగా పెట్టడమే మంచిది. మెమరీ ఎలాగూ దానికే కేటాయించాం, చాలకపోతే సర్వర్ లేచేటప్పుడే బయటపడాలి, అందుకు ఆల్వేస్ ప్రీటచ్ (హీప్ మొత్తాన్నీ మొదట్లోనే ముట్టుకునే ఫ్లాగు) కూడా పెడతాను. ఒకే మెషీన్ మీద పదిహేను చిన్న సర్వీసులు నడుపుకునే టెస్ట్ ఎన్విరాన్మెంట్‌లో అలా చెయ్యడం నిష్కారణంగా మెమరీ కట్టేయడం. జేడీకే 12 నుంచి జీ1 తీరిగ్గా ఉన్నప్పుడు వాడని మెమరీ తిరిగి ఇవ్వడం నేర్చుకుంది కూడా, కాకపోతే ఆ సదుపాయం మనం అడిగితేనే మొదలవుతుంది.

పాత ఫ్లాగులతో అన్నిటికన్నా పెద్ద నష్టం మెమరీలో కనపడదు, వెర్షన్‌లో కనపడుతుంది. ఏ ఫ్లాగు తీస్తే ఏమవుతుందోనన్న భయంతో జేడీకే అప్‌గ్రేడ్ ఏళ్ళతరబడి వాయిదా వేసిన టీములున్నాయి. ఈలోగా జేవీఎం తనంతట తాను ఇచ్చిన లాభాలన్నీ వాళ్ళకి దక్కలేదు. జేడీకే 9లో స్ట్రింగులు, లాటిన్ అక్షరాలే ఉన్నవైతే, అక్షరానికి రెండు బైట్ల బదులు ఒకటే వాడుకోవడం మొదలుపెట్టాయి. జావా 8లో ఉండిపోయినవాళ్ళు అదే పొదుపు కోసం ఫ్లాగులు తిప్పుతూ కూర్చున్నారు. 2025లో వచ్చిన జేడీకే 25లో ఆబ్జెక్ట్ హెడర్‌ని (ప్రతి ఆబ్జెక్టు ముందు జేవీఎం రాసుకునే వివరాలు) 8 బైట్లకి కుదించే సౌకర్యం ప్రయోగదశ దాటింది. మామూలుగా హెడర్ 12 బైట్లు, చిన్న ఆబ్జెక్టులు లక్షల్లో ఉండే సర్వర్లకి ఒక్కోదాని మీద మిగిలే ఆ నాలుగు బైట్లు తక్కువేమీ కాదు. దాన్ని కూడా ఫ్లాగు పెట్టి ఆన్ చేసుకోవాలి. నేనైతే పెడతాను. పెట్టే ముందు రద్దీ వేళ లైవ్ సెట్ ఎంతుందో, పెట్టాక ఎంతుందో, రెండు అంకెలూ స్క్రిప్టులో ఆ ఫ్లాగు పక్కనే రాసిపెడతాను.